మాటే శాసనమైన రాజు పన్ను మాత్రం ఎందుకు వేయలేకపోయాడు?

మీ ప్రశ్నలో రెండు భాగాలున్నాయి. 1715లో ఫ్రాన్సు రాజు 14వ లూయీ కన్నుమూసేనాటికి యూరప్‌లో అంతటి రాజు లేడనిపించుకున్న బోర్బన్ వంశం, ఆ తర్వాత 74 ఏళ్లకే ఫ్రెంచి విప్లవం ముందు ఎలా చేతులెత్తేసిందన్నది మొదటిది. 16వ లూయీ చేతకానితనం, రాణి మేరీ ఆంటోనెట్ దుబారా అంటూ పోటీ పరీక్షల గైడ్లలో రాసే కారణాలు సరిపోతాయా అన్నది రెండోది. డిగ్రీ విద్యార్థులకు ముప్పై ఏళ్లకు పైగా యూరప్ చరిత్ర చెప్పినవాడిగా నేను నమ్మే సమాధానం ఇది: ఆ రెండు కారణాలూ సరిపోవు. కూలడానికి కారణం 16వ లూయీ కాలంలో పుట్టింది కాదు. 14వ లూయీ, అతని ముందువాళ్లు తమ అధికారాన్ని నిలబెట్టుకున్న పద్ధతిలోనే అది ఉంది. అందుకోసం చాలా వెనక్కి వెళ్లాలి గానీ, ముందు రాణిగారి ఖర్చు సంగతి తేల్చుకుందాం.

1788లో ఫ్రెంచి ప్రభుత్వమే వేసుకున్న లెక్క ప్రకారం ఆ ఏటి ఖర్చు సుమారు 63 కోట్ల లీవ్రులు (లీవ్రు అప్పటి ఫ్రెంచి డబ్బు), రాబడి సుమారు 50 కోట్లు. ఖర్చులో రాజకుటుంబానికీ కొలువుకూ అన్నీ కలిపి పోయింది మూడున్నర కోట్లు. అంటే నూటికి ఆరు వంతులు. సైన్యానికీ నౌకాదళానికీ దాదాపు నాలుగో వంతు పోయింది. పాత అప్పుల వడ్డీలకూ వాయిదాలకూ పోయింది దాదాపు 32 కోట్లు, అంటే మొత్తంలో సగం. రాణి ఒక్క నగ కూడా కొనకపోయినా, వెర్సెయిల్స్ రాజభవనానికి తాళం వేసి పరివారాన్నంతా ఇళ్లకు పంపేసినా, ఆ ఏటి లోటులో మూడో వంతు కూడా పూడేది కాదు. రొట్టె లేకపోతే కేకులు తినమందన్న మాట కూడా ఆమెది కాదు. ఆమె పద్నాలుగేళ్ల పిల్లగా 1770లో ఫ్రాన్సులో అడుగుపెట్టకముందే రాసిన ఒక రచనలో అది ఎవరో పేరు చెప్పని రాకుమారి మాటగా కనిపిస్తుంది. జనం ఆమెను అసహ్యించుకున్నది నిజం, ఆ అసహ్యం రాజరికాన్ని దెబ్బతీసింది కూడా నిజం. కానీ ఖజానాను ఖాళీ చేసింది ఆమె కాదు.

అలాగని అప్పు ఒక్కటే కారణమనీ అనలేం. అదే కాలంలో ఇంగ్లండు మీద కూడా అంతే బరువైన అప్పు ఉంది. తలసరి లెక్కన చూస్తే ఇంకా ఎక్కువే. అయినా ఇంగ్లండుకు తక్కువ వడ్డీకి అప్పు పుట్టేది, ఎందుకంటే ఆ అప్పుకు పన్నులు వేసే హక్కున్న పార్లమెంటు పూచీగా నిలబడేది. ఫ్రాన్సులో పూచీ రాజు మాటే. మాట తప్పిన చరిత్ర ఆ వంశానికి చాలానే ఉంది కాబట్టి అప్పిచ్చేవాడు ఎక్కువ వడ్డీ అడిగేవాడు. కాబట్టి అసలు ప్రశ్న ఇలా మారుతుంది: తన మాటే శాసనమని చెప్పుకునే రాజు, పశ్చిమ యూరప్‌లో అత్యధిక జనాభా, సారవంతమైన భూములు ఉన్న దేశంలో, ఉన్నవాళ్ల మీద సరిపడా పన్ను ఎందుకు వేయలేకపోయాడు?

దీనికి జవాబు 1649 జనవరిలో మొదలవుతుంది. అప్పటికి 14వ లూయీకి పదేళ్లు. నాలుగేళ్లు నిండిన వయసులోనే గద్దెనెక్కిన ఆ పిల్లవాడి పేరుమీద తల్లి ఆన్, మంత్రి మజరాన్ పాలిస్తున్నారు. ఎడతెగని యుద్ధాల కోసం వేసిన పన్నుల మీద పారిస్ న్యాయాధిపతులు తిరగబడ్డారు. వారి వెనక పెద్ద పెద్ద ప్రభువులు చేరారు. ఫ్రోండ్ అని పిలిచే ఆ తిరుగుబాటు 1648 నుంచి 1653 దాకా సాగింది. 1649 జనవరి 5 అర్ధరాత్రి దాటాక రాజకుటుంబం పారిస్ వదిలి సాన్-జెర్మాన్ కోటకు పారిపోయింది. అక్కడ సామాన్లు లేవు, మంచాలు లేవు. రాజపరివారంలో చాలామంది ఆ రాత్రి గడ్డిమీద పడుకున్నారు. రెండేళ్ల తర్వాత, 1651 ఫిబ్రవరిలో, రాజు మళ్లీ పారిపోతున్నాడన్న పుకారు విని పారిస్ జనం రాత్రివేళ భవనంలోకి వచ్చి, ఆ పిల్లవాడు పక్కమీదే ఉన్నాడో లేదో తమ కళ్లతో చూసుకుని మరీ వెళ్లారు. పన్నెండేళ్లు నిండి పదమూడో ఏట ఉన్న పిల్లవాడికి అలాంటి రాత్రి జీవితాంతం గుర్తుంటుంది. అతని తర్వాతి నిర్ణయాలన్నిటిలో ఆ భయం కనిపిస్తుందని నేను అనుకుంటాను.

1661 మార్చిలో మజరాన్ చనిపోగానే, ఇకమీదట ప్రధానమంత్రి ఉండడని, తానే స్వయంగా పాలిస్తానని లూయీ ప్రకటించాడు. ప్రాంతాలకు ఇంటెండెంట్లనే అధికారులను పంపించి అక్కడి పాలనను చేతికి తీసుకున్నాడు. ప్రభువులను వారి కోటల నుంచి లాగి తన కళ్లముందు పెట్టుకున్నాడు. పారిస్‌కు దూరంగా, తండ్రి కట్టుకున్న వేట బంగళాను పెంచి మహాభవనంగా మార్చి, 1682 మేలో కొలువును వెర్సెయిల్స్‌కు తరలించాడు. అక్కడ రాజు నిద్ర లేవడమూ, పడుకోవడమూ దేవుడి సేవల్లా జరిగేవి. రాత్రి రాజు దుస్తులు మార్చుకునేటప్పుడు కొవ్వొత్తి సెమ్మె పట్టుకునే భాగ్యం ఎవరికో ఒకరికి దక్కేది. ఆ రోజుకు ఎవరిని కటాక్షిస్తాడా అని డ్యూకులూ కౌంట్లూ గది నిండా నిలబడి ఎదురుచూసేవారు. తాతలు కత్తిపట్టి రాజు మీద తిరగబడితే, మనవలు కొవ్వొత్తి పట్టుకోవడానికి పోటీ పడ్డారు. పాఠ్యపుస్తకాలు ఇక్కడితో ఆగి, దీన్నే నిరంకుశ రాచరికం అంటాయి.

కానీ ఈ బేరంలో రెండో పక్క ఉంది. రాజకీయాన్ని ప్రభువుల చేతుల్లోంచి తీసుకున్న రాజు వారి పన్ను మినహాయింపులను వారికే వదిలేశాడు. తాయ్ అనే ప్రధానమైన ప్రత్యక్ష పన్ను దేశంలో ఎక్కువ ప్రాంతాల్లో ప్రభువులకు వర్తించదు, మతాధికారులకు వర్తించదు, పారిస్ వంటి పెద్ద నగరాలకు కూడా వర్తించదు. చర్చి ఐదేళ్లకొకసారి సభ పెట్టుకుని, తనకు తోచినంత మొత్తాన్ని రాజుకు 'స్వచ్ఛంద కానుక'గా ఇచ్చేది. లాంగెడాక్ వంటి దక్షిణ ప్రాంతాల్లో వసూలైన పన్నులో చెప్పుకోదగ్గ భాగం స్థానిక పెద్దల చేతుల్లోనే మిగిలిపోయేదని గత కొన్ని దశాబ్దాల పరిశోధన చూపిస్తోంది. మన తెలుగులో నిరంకుశం అంటే అంకుశం లేనిదని అర్థం. ఫ్రెంచి రాజుకు అంకుశం లేదన్నది పైకి కనిపించే మాట. నిజానికి అతని మెడమీద ఒకటి కాదు, వేల అంకుశాలున్నాయి. వాటిలో చాలా భాగం రాజులు స్వయంగా డబ్బు తీసుకుని అమ్మినవి.

ఈ అమ్మకం సంగతి పరీక్షల గైడ్లలో ఒక్క వాక్యంలో పోతుంది గానీ, నా దృష్టిలో మొత్తం కథకు కీలకం ఇదే. డబ్బు అవసరమైనప్పుడల్లా ఫ్రెంచి రాజులు ప్రభుత్వ ఉద్యోగాలను అమ్మేవారు. న్యాయమూర్తి పదవి, కోశాధికారి పదవి, నోటరీ పదవి, చివరికి మార్కెట్లో సరుకు తనిఖీ చేసే పదవి కూడా అమ్మకపు సరుకే. 1604లో 4వ హెన్రీ ఇంకో అడుగు వేశాడు: ఉద్యోగం విలువలో అరవయ్యో వంతును ఏటా చెల్లిస్తే, ఆ ఉద్యోగం మిరాశీ హక్కుగా కొడుక్కి సంక్రమిస్తుంది, కావాలంటే ఇంకొకరికి అమ్ముకోవచ్చు. విప్లవం నాటికి ఇలాంటి ఉద్యోగాలు సుమారు 70,000 ఉన్నాయి. వీటిలో అందరూ ఎగబడి కొన్నది 'రాజుగారి కార్యదర్శి' పదవి. అందులో పని దాదాపు ఏమీ లేదు. 18వ శతాబ్దం చివరికి దాని వెల లక్ష లీవ్రులు దాటింది. పారిస్ కూలివాడి రోజు కూలి ఒకటి, ఒకటిన్నర లీవ్రు ఉన్న రోజుల్లో అది రెండు వందల ఏళ్లకు పైబడిన సంపాదన. అయినా వ్యాపారులు కొన్నారు, ఎందుకంటే ఇరవై ఏళ్లు ఆ పదవిలో ఉంటే, లేదా పదవిలో ఉండగా చనిపోతే, వంశం మొత్తం ప్రభువుల జాబితాలో చేరుతుంది. తాయ్ పన్ను నుంచి బయటపడుతుంది. సామాన్యుడి మురికి కడిగే సబ్బు అని జనం దాన్ని పిలిచేవారు.

ఇందులో రాజు చేసిందేమిటో ఒక్కసారి నిదానంగా చూడండి. ఈ ఏడు చేతికొచ్చే లక్ష లీవ్రుల కోసం, దేశంలో అందరికంటే బాగా పన్ను కట్టగల కుటుంబాన్ని ఎప్పటికీ పన్ను పరిధి నుంచి తప్పించాడు. ఏటా ఫలసాయమిచ్చే చెట్టును కట్టెల కోసం కొట్టి అమ్ముకోవడం వంటిది ఇది. అంతకంటే ముఖ్యమైన చిక్కు మరొకటుంది. అమ్మిన ఉద్యోగాన్ని రద్దు చేయాలంటే దాని వెల తిరిగి ఇవ్వాలి. 70,000 మందికి తిరిగి ఇచ్చే సొమ్ము ఏ రాజు దగ్గరా లేదు. కాబట్టి తన న్యాయమూర్తి తనను ఎదిరించినా, తన అధికారి పని చేయకపోయినా, రాజు అతణ్ని తీసేయలేడు. మరో మాటలో, అధికారి రాజుకు సేవకుడూ, రుణదాతా ఒకేసారి అయ్యాడు.

పన్ను వసూలు కూడా రాజు చేతిలో లేదు. ఉప్పు, పొగాకు, సుంకాల వంటి పరోక్ష పన్నులను ఆరేళ్లకొకసారి గుత్తకు ఇచ్చేవారు. ఫెర్మ్ జెనెరాల్ అనే గుత్తదారుల సంస్థ రాజుకు ముందే సొమ్ము ఇచ్చి, తర్వాత తన మనుషులతో జనం దగ్గర వసూలు చేసుకునేది. ఉప్పు పన్నును దగ్గరగా చూస్తే ఈ వ్యవస్థ ఎలా ఉండేదో అర్థమవుతుంది. అధిక పన్ను ప్రాంతాల్లో ఎనిమిదేళ్లు దాటిన ప్రతి మనిషి లెక్కనా ఇంటివాళ్లు ఏటా ఇంత ఉప్పు ప్రభుత్వ గిడ్డంగిలోనే కొని తీరాలి. అలా కొన్న ఉప్పు వంటకూ, పళ్లెంలో వేసుకోవడానికీ మాత్రమే. పంది మాంసం ఊరవేసుకోవాలంటే ఇంకా ఉప్పు విడిగా కొనాలి, లేకపోతే నేరం. బ్రిటనీలో మాత్రం ఉప్పు పన్ను లేదు. అక్కడ రెండు మూడు లీవ్రులకు దొరికే ఉప్పు, సరిహద్దు దాటి పక్కనున్న మేన్ ప్రాంతంలోకి వెళ్తే అరవై లీవ్రులు. అందువల్ల ఆ సరిహద్దులో ఆడవాళ్లూ, పిల్లలూ, చివరికి తర్ఫీదు ఇచ్చిన కుక్కలూ ఉప్పు దొంగ రవాణా చేసేవి. దొరికిన మగవాళ్లను రాజుగారి ఓడల్లో తెడ్లు వేసే శిక్షకు పంపేవారు. ఒక దేశం, ఒక రాజు అంటారు గానీ, ఉప్పు రాయి విషయంలోనే ఆ దేశం ఆరు రకాలుగా ఉండేది.

14వ లూయీకి ఈ లోపం తెలియదనుకోవడం పొరపాటు. యుద్ధాలు మెడకు చుట్టుకున్నప్పుడు అతను ప్రభువుల మీద కూడా పన్ను వేయడానికి ప్రయత్నించాడు: 1695లో తలపన్ను, 1710లో ఆదాయంలో పదో వంతు పన్ను. ఆ మధ్య దేశం పడ్డ బాధ చిన్నది కాదు. 1693-94 కరువులో పది లక్షలకు పైగా జనం చనిపోయారు. 1709 జనవరిలో నదులు గడ్డకట్టి, విత్తిన గోధుమ నేలలోనే చచ్చిపోయింది. అయినా పెద్దలు కొత్త పన్నులకు మినహాయింపులు సంపాదించారు, లేదా ఒక మొత్తం కట్టి వదిలించుకున్నారు. చివరి రోజుల్లో ముసలి రాజు తన మునిమనవణ్ని పిలిచి, తాను యుద్ధాన్ని మితిమీరి ప్రేమించానని, ఆ విషయంలో తనను అనుసరించవద్దని చెప్పాడు. నేనే రాజ్యం అన్నాడని ప్రచారంలో ఉన్న మాటకు ఆధారం లేదు. నమోదైన మాట దానికి దాదాపు వ్యతిరేకం: నేను వెళ్లిపోతున్నాను, రాజ్యం మాత్రం ఎప్పటికీ ఉంటుంది.

ఆ మునిమనవడే ఐదేళ్ల 15వ లూయీ. రాజప్రతినిధిగా వచ్చిన ఓర్లియన్స్ డ్యూక్, ముసలి రాజు వీలునామాను రద్దు చేయించుకోవడానికి పారిస్ పార్లమా సాయం కోరాడు. ఈ పార్లమాలను ఇంగ్లండు పార్లమెంటుతో కలిపేసుకోకండి. ఇవి ఎన్నికైన సభలు కావు, పదవులు కొనుక్కున్న న్యాయమూర్తులతో నిండిన ఉన్నత న్యాయస్థానాలు. రాజు చేసిన చట్టం వీరి పుస్తకంలో నమోదైతేనే అమలులోకి వస్తుంది. నమోదుకు ముందు అభ్యంతరం చెప్పే హక్కును 14వ లూయీ 1673లో కత్తిరించాడు. పార్లమా చేసిన సాయానికి ప్రతిఫలంగా 1715లో ఓర్లియన్స్ డ్యూక్ దాన్ని తిరిగి ఇచ్చేశాడు. ఆ ఒక్క బేరం ఖరీదు తర్వాతి రాజులిద్దరూ కట్టారు. దానికి తోడు, జాన్ లా అనే స్కాట్లండు ఆర్థికవేత్త పెట్టిన బ్యాంకూ, మిసిసిపీ కంపెనీ షేర్లూ 1720లో కుప్పకూలడంతో, ప్రభుత్వ బ్యాంకు అన్న మాటంటేనే ఫ్రెంచివాళ్లకు భయం పట్టుకుంది. పార్లమెంటు తర్వాత ఇంగ్లండుకు ఉన్న రెండో ఊతం ప్రభుత్వ బ్యాంకే. అది కూడా ఫ్రాన్సుకు అలా లేకుండా పోయింది.

1749లో మాషో అనే ఆర్థిక మంత్రి అందరి ఆదాయంలోనూ ఇరవయ్యో వంతు పన్ను వేశాడు. చర్చి గోలపెట్టింది, రెండేళ్లకే రాజు చర్చికి మినహాయింపు ఇచ్చేశాడు. ఆ తర్వాత ఇంగ్లండుతో ఏడేళ్ల యుద్ధం వచ్చింది. ఈ యుద్ధం మన గడ్డమీద కూడా జరిగింది. 1753లో నిజాం సలాబత్ జంగ్ దగ్గర ఉత్తర సర్కారులను సంపాదించిన ఫ్రెంచి సేనాని బుస్సీ, 1757 జనవరిలో విజయనగరం రాజు పక్షాన బొబ్బిలి కోటను ముట్టడించిన సంగతి తెలుగువారికి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఇంగ్లీషువాళ్ల చేతిలో ఫ్రెంచి సేన ఓడిపోయింది; మరుసటి ఏప్రిల్‌లో బందరు కోట పోయింది. 1763 సంధితో కెనడా కూడా చేజారింది. సర్కారులూ కెనడా పోయాయి గానీ, వాటికోసం చేసిన అప్పు పోలేదు.

పన్ను పెంచబోయిన ప్రతిసారీ పార్లమాలు అడ్డుపడ్డాయి. వారు తమ అభ్యంతర పత్రాలను అచ్చువేయించి జనంలోకి వదిలేవారు. 'జాతి', 'మౌలిక శాసనాలు', 'ప్రజల సమ్మతి' అన్న మాటలు సామాన్య చదువరి నాలుకమీదికి చేరడంలో తత్వవేత్తల పుస్తకాల పాత్ర ఎంత ఉందో, ఈ న్యాయమూర్తుల కాగితాల పాత్ర కూడా అంతే ఉంది. 1766 మార్చి 3న 15వ లూయీ పారిస్ పార్లమాకు స్వయంగా వెళ్లి, సార్వభౌమాధికారం తన ఒక్కడిలోనే ఉందని గద్దించాడు. 1771లో ఛాన్సలర్ మోపూ ఆ న్యాయమూర్తులను ప్రవాసానికి పంపి, పదవుల అమ్మకం లేని కొత్త న్యాయస్థానాలు పెట్టాడు. ఆ ప్రయోగం నిలబడి ఉంటే చరిత్ర ఎలా ఉండేదో అని నేను చాలాసార్లు ఆలోచించాను. నిలబడలేదు. 1774 మేలో 15వ లూయీ మశూచితో చనిపోయాడు. పంతొమ్మిదేళ్ల మనవడు 16వ లూయీ జనం మెప్పు కోసం ఆ ఏడే పాత పార్లమాలను వెనక్కి పిలిచాడు.

16వ లూయీ విషయంలో కొంచెం న్యాయంగా ఉండాలి. అతను తెలివితక్కువవాడు కాడు, క్రూరుడు అంతకన్నా కాడు. నేరం ఒప్పించడానికి పెట్టే చిత్రహింసను 1780లో రద్దు చేశాడు. 1787లో ప్రొటెస్టెంట్లకు పౌర హోదా ఇచ్చాడు. అతని లోపం ఏమిటంటే, తాను నియమించిన మంత్రి వెనక చివరిదాకా నిలబడలేకపోవడం. ఆర్థిక మంత్రి టర్గో అందుకు మొదటి ఉదాహరణ. రోడ్ల పనికి రైతుల చేత చేయించే వెట్టిని రద్దుచేసి, దాని స్థానంలో భూస్వాములందరి మీదా పన్ను వేయాలని అతను 1776లో చట్టం తెచ్చాడు. ప్రభువునూ రైతునూ ఒకే పన్నుకింద చేర్చడం సమాజపు పునాదినే కదిలించడమని పార్లమా అభ్యంతరం చెప్పింది. మే నెలలో టర్గో పదవి పోయింది, వెనకే అతని చట్టాలూ పోయాయి.

తర్వాత వచ్చిన నెకర్, పన్ను పెంచకుండా అప్పులతోనే అమెరికా స్వాతంత్ర్య యుద్ధాన్ని నడిపాడు. ఫ్రాన్సుకు ఆ యుద్ధం ఖర్చు నూరు కోట్ల లీవ్రులు దాటింది. ఆ అప్పులు ఎలాంటివో చెప్పే ముచ్చట ఒకటుంది. అసలు ఇచ్చినవాడు సూచించిన మనిషి బతికి ఉన్నంతకాలం ఏటా నూటికి పది దాకా చెల్లిస్తామని ప్రభుత్వం పత్రాలు అమ్మింది. ఆ మనిషి వయసు ఎంతన్నది పట్టించుకోలేదు. జెనీవా బ్యాంకర్లు వైద్యులతో పరీక్ష చేయించి, మశూచి వచ్చి తగ్గిన, ఆరోగ్యవంతులైన ముప్పైమంది ఆడపిల్లలను ఎంపిక చేసి, వారి ప్రాణాల మీద ఆ పత్రాలు కొన్నారు. ఎనభై ఏళ్ల ముసలివాడి మీదా, ఏడేళ్ల పిల్లమీదా ఒకే రేటు కట్టే ఖజానా ఎంతకాలం నిలుస్తుంది?

1786 ఆగస్టులో ఆర్థిక మంత్రి కలోన్ రాజుకు నిజం చెప్పాడు: లోటు పది కోట్లు దాటింది, ఇక అప్పు పుట్టదు, మినహాయింపు లేకుండా భూములన్నిటి మీదా పన్ను వేయడం తప్ప దారి లేదు. పార్లమాలు ఒప్పుకోవని తెలిసి, 1787 ఫిబ్రవరి 22న దేశంలోని 144 మంది ప్రముఖులను పిలిచి సభ పెట్టించాడు. వారంతా రాజు ఎంపిక చేసిన బిషప్పులూ, ప్రభువులూ, న్యాయాధికారులూ. వారు ముందు లెక్కలు చూపించమన్నారు. కొత్త పన్నుకు సమ్మతించే హక్కు దేశ ప్రతినిధులకే ఉందన్నారు. అమెరికా యుద్ధంలో పోరాడి వచ్చిన లఫాయెత్ నిజమైన జాతీయ సభ కావాలని అడిగాడు. స్వార్థం ఎంత, సూత్రం ఎంత అని ఇక్కడ విడదీయడం కష్టం. రెండూ కలిసే ఉన్నాయి. ఏప్రిల్‌లో కలోన్‌ను తీసేశారు.

అతని స్థానంలో వచ్చిన బ్రియెన్ అదే పన్నును పార్లమా ముందు పెట్టాడు. సమ్మతి ఇవ్వగలిగేది ఎస్టేట్స్ జనరల్ మాత్రమేనని పార్లమా తేల్చింది. మతాధికారులూ, ప్రభువులూ, సామాన్యులూ అనే మూడు వర్గాల ఆ ప్రతినిధి సభ చివరిసారి కూర్చున్నది 1614లో. రాజు ఆగస్టులో న్యాయమూర్తులను త్రోయ్ పట్టణానికి పంపేసి, మళ్లీ పిలిపించాడు. నవంబరు 19న 42 కోట్ల అప్పుకు నమోదు చేయించబోతే, అతని దాయాది, 1715 నాటి డ్యూక్ వంశీకుడైన అప్పటి ఓర్లియన్స్ డ్యూక్ లేచి ఇది చట్టవిరుద్ధమన్నాడు. రాజు తడబడుతూ, నేను కోరుకుంటున్నాను కాబట్టి ఇది చట్టబద్ధమే అన్నాడు. 14వ లూయీ నోట వచ్చి ఉంటే గదంతా తలవంచి ఉండేది. అప్పటికి ఆ మాటకు ఎవరూ భయపడలేదు.

1788 మేలో పార్లమాల అధికారాలను తీసేస్తే, జూన్ 7న గ్రనోబుల్‌లో జనం ఇళ్ల కప్పులెక్కి సైనికుల మీద పెంకులు విసిరారు. అదే నెలలో 80 లక్షలు అడిగిన రాజుకు చర్చి 18 లక్షలు మాత్రమే విదిల్చింది. జూలై 13న పారిస్ చుట్టుపక్కల వడగళ్ల వాన కోతకొచ్చిన గోధుమను నేలపాలు చేసింది. ఆగస్టు 8న బ్రియెన్ మరుసటి మే నెలకు ఎస్టేట్స్ జనరల్‌ను పిలిచాడు. ఆగస్టు 16న ఖజానా చెల్లింపులను కొంతమేర నిలిపేసి, నగదుకు బదులు కాగితాలు ఇచ్చింది. తేదీ అడిగితే, పాత రాజ్యం అంతమైన రోజు బాస్టిల్ కోట జనం చేతికి చిక్కిన 1789 జూలై 14 కాదని, ఈ ఆగస్టు 16 అని నేను విద్యార్థులకు చెప్పేవాడిని. పన్ను వేయలేక, అప్పు పుట్టక, ఉన్న అప్పు తీర్చలేక రాజు దేశం సాయం అడిగిన రోజు అది.

ఇక్కడి నుంచి కథ చాలామందికి తెలుసు కాబట్టి త్వరగా చెబుతాను. కొత్త సభ 1614 పద్ధతిలోనే, మూడు వర్గాలు విడివిడిగా కూర్చుని ఓటు వేయాలని సెప్టెంబరు 25న పారిస్ పార్లమా అనగానే, అంతవరకు దాన్ని నెత్తిన పెట్టుకున్న జనం ఒక్కసారిగా విసిరి కొట్టారు. ఆ చలికాలం తిండి కరువు. పారిస్‌లో మామూలుగా ఎనిమిది, తొమ్మిది సూలకు (లీవ్రుకు ఇరవై సూలు) దొరికే నాలుగు పౌన్ల రొట్టె 1789 ఫిబ్రవరికి పద్నాలుగున్నర సూలయ్యింది. కూలివాడి రోజు కూలి ఇరవై, ముప్పై సూలు. అదే సమయంలో ఊరూరా జనం తమ ఫిర్యాదులు రాసి పంపారు. ఉప్పు పన్ను, భూస్వామి వసూళ్లు, వేట హక్కులు, చర్చికి కట్టే దశమభాగం, అన్నీ వాటిలో ఉన్నాయి. ఆకలీ, ఈ కోపమూ విప్లవానికి బలమిచ్చాయన్నదాన్ని నేను ఏమాత్రం తక్కువ చేయడం లేదు. కానీ 1693లోనూ 1709లోనూ జనం ఇంతకంటే ఘోరంగా ఆకలితో చచ్చిపోయారు, రాజ్యం కదలలేదు. ఈసారి ఖాళీ ఖజానా తలుపు తెరిచి పెట్టింది.

మే 5న వెర్సెయిల్స్‌లో సమావేశమైన మూడో ఎస్టేటు, అంటే సామాన్యుల వర్గం, ప్రతినిధుల్లో ఎక్కువమంది న్యాయవాదులూ, కొనుక్కున్న ఉద్యోగాలు చేస్తున్నవారూ. ఓటు తలకొకటా, వర్గానికొకటా అన్న తగవుతో ఆరు వారాలు గడిచాయి. జూన్ 17న వారు తమను తాము జాతీయ సభగా ప్రకటించుకున్నారు. ఆ రోజే వారు చేసిన తీర్మానాన్ని నేను ఎప్పుడూ తరగతిలో చదివి వినిపించేవాడిని. ఉన్న పన్నులన్నీ ప్రజల సమ్మతి లేకుండా వేసినవి కాబట్టి అక్రమమని అందులో ఉంది. అయితే సభ కొనసాగినంతకాలం వాటిని వసూలు చేసుకోవచ్చునని, సభను చెదరగొడితే ఆ క్షణం నుంచి ఎవరూ కట్టనక్కర లేదని ఉంది. రాజ్యానికి అప్పిచ్చినవారికి ఇకనుంచి జాతి పూచీ అని కూడా ఉంది. రాజ్యాంగం రాసేదాకా విడిపోమని టెన్నిస్ మైదానంలో చేసిన ప్రమాణానికి మూడు రోజుల ముందే, బాస్టిల్‌కు నాలుగు వారాల ముందే, రాజు చేతిలోని పన్నునూ అప్పునూ వారు తమ చేతుల్లోకి తీసుకున్నారు.

ఆగస్టు 4 రాత్రి సభలో ప్రభువులే లేచి తమ మినహాయింపులు వదులుకున్నారు. ఆ తీర్మానాల్లోనే ఉద్యోగాల అమ్మకం కూడా రద్దయింది. కొన్నవారికి పరిహారం ఇస్తామన్నారు. రాజులు ఏనాడూ చూసుకోలేకపోయిన ఆ సొమ్ము కోసం, పాత అప్పుల కోసం, సభ నవంబరులో చర్చి ఆస్తులను జాతిపరం చేసి, వాటి మీద అసిన్యా అనే కాగితాలు జారీ చేసింది. ఆ కాగితాలు, చర్చితో వచ్చిన తగవు విప్లవాన్ని ఎటు తీసుకెళ్లాయన్నది విడిగా చెప్పుకోవాల్సిన పెద్ద కథ.

మీరు అడిగిన కథ మాత్రం 1789 అక్టోబరు 6న ముగుస్తుంది. ముందురోజు వానలో తడుస్తూ పారిస్ నుంచి ఇరవై కిలోమీటర్లు నడిచి వచ్చిన వేలాది ఆడవాళ్లు, రొట్టె కావాలని వెర్సెయిల్స్‌ను చుట్టుముట్టారు. 6వ తేదీ మధ్యాహ్నం వారు రాజునూ, రాణినీ, చిన్న యువరాజునూ బండిలో ఎక్కించుకుని, పిండి బళ్లు వెంట రాగా, రొట్టెలవాణ్నీ, అతని పెళ్లాన్నీ, కొడుకునూ తెస్తున్నామని కేకలు వేస్తూ పారిస్‌కు బయలుదేరారు. పారిస్ జనానికి దూరంగా ఉండాలని 14వ లూయీ కట్టుకున్న ఇంటికి ఆ కుటుంబం మళ్లీ తిరిగి రాలేదు.